కర్ర లేని చేతులు



కండక్టరు అనగానే మన పల్లెలలో ఎవరికైనను బస్సులో టిక్కెట్లు కొట్టు మనిషియే గుర్తు వచ్చును. పోయిన క్రిస్మసు పాటల అభ్యాసములో నేను మన యౌవనులతో, పడమటి దేశములలో వాద్యబృందమును నడిపించువానిని కూడ కండక్టరు అందురని చెప్పితిని. ఒక చిన్నవాడు లేచి, "అయ్యగారూ, ఆయన ఏం వాయిస్తాడండీ?" అని అడిగెను.

"ఏమీ వాయించడు బాబూ" అంటిని.

"మరి జీతం ఎందుకండీ?" అని వెనుక వరుసలోనివాడు అనెను. పిల్లలందరు నవ్విరి. నేనును నవ్వితిని.

అయితే ఇంటికి వచ్చి దీపము ఆర్పిన తరువాత కూడ ఆ ప్రశ్న నన్ను విడువలేదు. చేత ఒక వాద్యమైనను పట్టక, నోట ఒక స్వరమైనను పలుకక, నూరుమంది ముందు నిలిచిన మనిషి చేయు పని ఏమి? ఆలోచించి చూడగా, సంఘము ముందు నిలుచు కాపరి పనియు కొంత అట్టిదే. వాద్యములు ఇతరులవి, స్వరములు ఇతరులవి. అతడు చేయవలసినది వినుట, సమయము వచ్చినప్పుడు చేయి ఎత్తుట. ఆ చేయి ఎత్తవలసిన సమయమున ఎత్తనివాడు ఏమగును? ఈ రెండవ ప్రశ్నకు జవాబు నా జీవితములోనే ఉన్నది. దానిని తరువాత చెప్పుదును. ముందుగా ఒక మనిషిని మీకు పరిచయము చేయనిండు.

ఆయన పేరు కుర్ట్ మజూర్. 1927లో బ్రీగ్ అను ఊరిలో పుట్టెను. ఆనాడు అది జర్మనీలోనిది, నేడు పోలండ్ దేశములో ఉన్నది. చిన్ననాటనే పియానో, ఆర్గను నేర్చెను. దానితోపాటు విద్యుత్తు పనియు నేర్చుకొనెను. యౌవన ప్రాయములోనే కుడిచేతి చిటికెనవ్రేలి నరము ముడుచుకొనిపోవుచున్నదనియు, అది బాగుకాదనియు వైద్యులు చెప్పిరి. పియానో వాయించి పేరు తెచ్చుకొనవలెనన్న ఆశ అంతటితో పోయెను. యుద్ధపు చివరి దినములలో ఆయనను సైన్యములోనికి తీసికొనిపోయిరి. యుద్ధము ముగిసిన తరువాత లైప్‌జిగ్ పట్టణమునకు చేరి, తాను వాయించలేని సంగీతమును ఇతరులచేత వాయింపించు విద్యను నేర్చుకొనెను. వాద్యబృందపు నాయకులలో అనేకులు చేత ఒక సన్నని కర్ర పట్టుకొని తాళము చూపుదురు. మజూర్ మాత్రము కర్ర లేకుండ వట్టి చేతులతోనే నడిపించువాడుగా ప్రసిద్ధుడాయెను.

ఆ బృందము పని ఎట్లుండునో కొంచెము చెప్పవలెను. వాయించుటకు ముందు, మన సన్నాయికి చుట్టమైన ఓబో అను వాద్యము ఒక్క స్వరమును పలుకును. తక్కిన వారందరు తమ తమ వాద్యములను ఆ స్వరమునకు సరిచేసికొందురు. వాయించువారిలో ఒక్కొక్కని యెదుట వాని భాగము మాత్రమే వ్రాసిన కాగితముండును. అందరి భాగములు ఒకే పుటలో నాయకుని యెదుట మాత్రమే ఉండును. పెద్ద నగారాలు వాయించువాడు కొన్నిసార్లు నిమిషముల తరబడి ఊరక కూర్చుండి లెక్కపెట్టుచుండును. తన వంతు వచ్చినప్పుడు రెండు దెబ్బలు కొట్టి మరల ఊరకుండును. ఆ రెండు దెబ్బలు తప్పినచో పాట అంతయు కుంటుపడును. పౌలు భక్తుడు కొరింథు సంఘమునకు శరీరమును గూర్చియు అవయవములను గూర్చియు వ్రాసిన సంగతి మీరందరు ఎరిగినదే. నాకు ఆ అధ్యాయము బోధించునప్పుడెల్ల ఇప్పుడు ఆ నగారావాడు కనబడుచున్నాడు.

మజూర్ 1970లో లైప్‌జిగ్‌లోని గెవాంట్‌హౌస్ వాద్యబృందమునకు నాయకుడాయెను. 26 సంవత్సరములు, అనగా 1996 వరకు, ఆ పనిలో ఉండెను. ఆ బృందము రాజులు పెట్టినది కాదు. 1743లో ఆ ఊరి వర్తకులు తమ సొమ్ముతో 16 మంది వాయిద్యగాండ్రను కూర్చి ప్రారంభించినది. తరువాత బట్టల వర్తకుల మండపములో వాయించుటచేత "బట్టల ఇల్లు" అను అర్థము గల ఆ పేరు నిలిచిపోయెను. వారి గొప్ప మందిరము రెండవ ప్రపంచ యుద్ధములో బాంబులకు పాడైపోగా, ఎన్నో ఏండ్లు జంతు ప్రదర్శనశాల ప్రక్కనున్న మండపములో వాయించిరి. మజూర్ పట్టువిడువక ప్రయత్నింపగా 1981లో క్రొత్త మందిరము తెరువబడెను. నిజమైన ఆనందము గంభీరమైన సంగతి అను అర్థము గల ప్రాచీన లాటిన్ మాట ఆ మందిరములో వ్రాయబడియున్నది. పాటల అభ్యాసమునకు ఆలస్యముగా వచ్చు మన యౌవనులు ఆ మాటను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

లైప్‌జిగ్ మనకు బొత్తిగా పరాయి ఊరు కాదు. మన గుడులలో పాడుకొను కీర్తనలలో కొన్నిటి రాగములు జర్మను దేశపు సంఘముల నుండి వచ్చినవి. అటువంటి రాగములను నాలుగు స్వరములకు కూర్చిన బాఖ్, 1723 మొదలు 1750లో చనిపోవువరకు ఆ ఊరి తోమా దేవాలయములో సంగీతము నేర్పినవాడే. బాఖ్ వ్రాసిన మత్తయి సువార్త శ్రమల గానము బహుకాలము మరుగున పడియుండగా, 1829లో ఇరువది యేండ్ల మెండెల్సన్ దానిని బెర్లినులో మరల పాడించెను. ఆ మెండెల్సనే తరువాత 1835 నుండి గెవాంట్‌హౌస్ బృందమునకు నాయకుడాయెను. ఆయన యూదుల ఇంట పుట్టి, చిన్నతనమున బాప్తిస్మము పొందినవాడు.

ఇక్కడ ఒక దుఃఖకరమైన సంగతి చెప్పవలెను. 1936లో హిట్లరు పక్షమువారు, మెండెల్సన్ యూదుడను కారణము చేత, గెవాంట్‌హౌస్ ముందు నున్న ఆయన విగ్రహమును తొలగించిరి. నగరాధ్యక్షుడు గోర్డెలర్ ఊరిలో లేని సమయమున ఈ పని జరిగెను. ఆయన తిరిగి వచ్చి, విగ్రహమును మరల నిలుపుడనెను. వారు వినలేదు. ఆయన పదవిని విడిచిపెట్టెను. తరువాత హిట్లరు నెదిరించినవారితో కలిసి పనిచేసి, 1945లో మరణశిక్ష పొందెను. ఒక్క విగ్రహము కొరకు పదవి విడువవలెనా అని అప్పుడు అడిగినవారు లేకపోలేదేమో. చిన్న విషయమని మనము ఊరకున్నచోటనే పెద్ద చెడుగునకు త్రోవ తీయబడును. మెండెల్సన్ నివసించిన ఇల్లు పాడుపడిపోవుచుండగా, దానిని నిలబెట్టుటకు మజూర్ ఎంతో ప్రయాసపడెను. 1997లో అది జ్ఞాపక గృహముగా తెరువబడెను.

ఇప్పుడు 1989వ సంవత్సరమునకు వత్తము. ఆ యేడు నాకు పందొమ్మిదేండ్లు. బెర్లిను గోడ తెరువబడిన వార్తను మా ఇంటి అరుగుమీద రేడియోలో వింటిని. లైప్‌జిగ్ పేరు ఆనాడు నాకు తెలియదు. ఆ గోడకు మొదటి బీట ఒక నెల ముందుగా ఆ ఊరిలో పడినదని చాల కాలము తరువాత తెలిసికొంటిని.

తూర్పు జర్మనీలో ప్రభుత్వమునకు విరోధముగా నోరు విప్పుట అపాయకరము. అయినను లైప్‌జిగ్‌లోని నికొలాయ్ దేవాలయములో 1982 నుండి సోమవారము సాయంకాలములందు సమాధానము కొరకు ప్రార్థనలు జరుగుచుండెను. కొన్నిసార్లు కొద్దిమందియే వచ్చుచుండిరి. కాపరి క్రిస్టియన్ ఫ్యూరర్ ఆ గుడి అందరికిని తెరువబడియున్నదని పలక పెట్టించెను. విశ్వాసులు, అవిశ్వాసులు, దేశము విడిచి పోగోరినవారు, ఉండగోరినవారు, అందరును వచ్చిరి.

మజూర్ అప్పటికి ప్రభుత్వము వారిచే గౌరవింపబడిన మనిషి. విదేశములకు పోయి వచ్చు వీలు గలవాడు. ఊరకున్నచో ఆయనకేమియు నష్టము లేదు. అయితే ఆ యేడు జూను నెలలో వీధులలో పాడినందుకు కొందరు యువకులను పోలీసులు పట్టుకొనిపోయిరి. మజూర్ ఆగస్టు నెలలో ఆ వీధి గాయకులను, అధికారులను తన మందిరములోనికి పిలిచి ఎదురెదురుగా మాటలాడించెను. ఎంతో గొప్ప సంగీతకారుడు వీధిలో గిటారు పట్టినవానిని తన వృత్తివానిగా ఎంచెను. ఇది నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. అక్టోబరు 9న ఆయన చేసినది అకస్మాత్తుగా చేసినది కాదు. చిన్నదానియందు ముందే అలవాటు పడియుండెను.

1989 అక్టోబరు 9, సోమవారము. అవసరమైనచో ఆయుధములు పట్టుదుమను బెదిరింపు అంతకు మూడు దినముల ముందే పత్రికలో అచ్చుపడెను. ఆ వేసవిలో చైనా రాజధానిలో విద్యార్థుల రక్తము చిందిన సంగతి అందరి మనస్సులలో ఉండెను. వేలాది పోలీసులు, సైనికులు సిద్ధముగా నిలిచిరి. ప్రార్థనకు వచ్చువారికి చోటు లేకుండ చేయుటకు వందలాది పక్ష సభ్యులను ముందుగానే నికొలాయ్ గుడిలోనికి పంపిరి. వారును కూర్చుండి ప్రార్థన వినిరి. గుడి ఎవరికి మూయబడలేదు గనుక వారికిని మూయబడలేదు.

ఆ మధ్యాహ్నము మజూర్ ఇంట ఆరుగురు కూడిరి. మజూర్, ఒక హాస్యనటుడు, ఒక వేదాంత పండితుడు, పాలకపక్షపు జిల్లా కార్యదర్శులు ముగ్గురు. వారు కలిసి ఒక చిన్న విన్నపము వ్రాసిరి. దానిలో వీరావేశము లేదు, ఎవరిమీదను నింద లేదు. అభిప్రాయములను స్వేచ్ఛగా పంచుకొనుట అవసరమనియు, ఈ సంభాషణ ప్రభుత్వముతో కూడ జరుగునట్లు తాము ప్రయత్నింతుమనియు, అందరు నెమ్మదితో నుండుడనియు దాని భావము. దానిని మజూర్ తన గొంతుతో చదువగా నగర వీధులలోని లౌడుస్పీకర్లలో వినబడెను. గుడులలోను చదివిరి. ప్రార్థనలు ముగిసెను, తలుపులు తెరువబడెను. సుమారు 70,000 మంది కొవ్వొత్తులు పట్టుకొని వీధులలో నడిచిరి. కొవ్వొత్తి ఆరిపోకుండ ఒక చేత పట్టి, రెండవ చేత గాలికి అడ్డము పెట్టవలెను. ఇక రాయి పట్టుటకు చేయి మిగులదు. ఆ రాత్రి ఒక్క తుపాకీయు ప్రేలలేదు. మజూర్ తన మందిరములో ఆనాటి కచేరీని నడిపించెను. సరిగా ఒక నెలకు, నవంబరు 9న, బెర్లిను గోడ తెరువబడెను.

ఇదంతయు ఒక్క మజూర్ వలన జరిగెనని చెప్పుట సత్యము కాదు. ఏడేండ్లుగా ప్రార్థించినవారు లేనిచో ఆ లౌడుస్పీకరు మాట వినువారెవరు? ప్రాణమునకు తెగించి వీధిలోనికి దిగినవారు పేరు లేని సామాన్యులు. ఆ ఆరుగురును దేవదూతలు కారు. వారిలో ఒకరు రహస్య పోలీసులకు వార్తలు అందించినవాడని తరువాత బయటపడెను. అది పక్ష కార్యదర్శులలో ఒకడు కాదు, వేదాంత పండితుడే. నావలె వేదాంత విద్య నేర్చినవాడు. ఇది చదివిన దినమున నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిని.

ఎందుకనగా, నాకును ఒక రాత్రి కలదు.

2003 వేసవిలో నేనొక గ్రామ సంఘములో కాపరిగా ఉంటిని. మన సమాధుల దొడ్డికి పోవు త్రోవ ఇతరుల పొలముల ప్రక్కగా పోవుచుండెను. ఆ వేసవిలో త్రోవకు అడ్డముగా ముండ్ల కంచె వేసిరి. ఇంతలో మన సంఘములో ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించెను. మరునాడు ఉదయము శవపేటిక ఆ త్రోవనే పోవలెను. రాత్రి తొమ్మిది గంటలకు మన యౌవనులు ఒక ప్రక్కను, పొలముల వారి యౌవనులు ఒక ప్రక్కను కంచె యొద్ద కూడిరి. అందరి చేతులలోను కర్రలుండెను.

మా క్వయరు మాస్టారు నా ఇంటి తలుపు తట్టిరి. ఆయన బడిపంతులు పని చేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఇరుపక్షముల పిల్లలకును అక్షరములు దిద్దించినవారు. హార్మోనియము మీద ఆయన కుడిచేయి పరుగెత్తుచుండగా చూచుటకే పొరుగూరివారు వచ్చుచుండిరి.

"అయ్యగారూ, మీరొచ్చి ఒక్క మాట చెప్పండి చాలు. మీ మాట మనవాళ్లూ వింటారు, వాళ్లూ వింటారు" అనిరి.

"మాస్టారూ, పాస్టరు ఊరి తగాదాల్లోకి దిగితే రేపు సంఘం రెండు ముక్కలవుతుంది. రండి, ప్రార్థన చేద్దాం" అంటిని.

మోకరించి ప్రార్థించితిమి. సమాధానకర్తయగు దేవుడు కార్యము జరిగింపవలెనని నేను చక్కని మాటలతో వేడుకొంటిని. ఆమేన్ చెప్పి లేచితిమి. మాస్టారు నా ముఖము వైపు ఒక్క క్షణము చూచి, కండువా భుజముమీద వేసికొని ఒంటరిగా చీకటిలోనికి పోయిరి. నేను తలుపు గడియ వేసితిని. ఆదివారపు ప్రసంగము సగములో ఉండెను గనుక దానిని వ్రాయుటకు కూర్చుంటిని.

ఆయన గొంతు చిన్నది. రెండు గుంపుల నడుమ నిలిచి చేతులెత్తి "ఆగండిరా" అని అరచిరట. ఎవరి కర్రయో ఎవరికిని తెలియదు, ఎత్తిన ఆ కుడిచేతిమీద పడెను. మణికట్టు విరిగెను. ఇద్దరు పిల్లల తలలు పగిలెను. పోలీసులు వచ్చిరి, కేసులు పెట్టిరి. ఆరేండ్లు ఇరుపక్షములవారు వాయిదాలకు తిరిగి, పశువులను అమ్ముకొని, అలసిపోయి రాజీ పడిరి. అధికారులు కొలతలు వేసి త్రోవ వదిలించిరి. కంచె వేసిన మొదటి వారములోనే ఇరువైపుల పెద్దలను ఒక చాపమీద కూర్చుండబెట్టి యుండిన, అదే పని జరిగియుండును.

మాస్టారి ఎముక అతికెను గాని, వ్రేళ్లకు మునుపటి చురుకు రాలేదు. హార్మోనియమును తన శిష్యురాలికి అప్పగించి, తాను ఎదుట నిలిచి ఎడమచేతితో తాళము చూపుచు పాటలు నేర్పిరి. నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవుటయే నాకు భారమాయెను. రెండేండ్లకు నేను బదిలీయై పోవునప్పుడు ఆయన ఇంటికి పోయి, "మాస్టారూ, ఆ రాత్రి నేను తప్పు చేశాను, క్షమించండి" అంటిని.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, "తప్పేముందండీ, ప్రార్థన చేశారు కదా. ప్రార్థన అయ్యాక తలుపు తీసి ఉండాల్సింది, అంతే" అనిరి.

ప్రియులారా, లైప్‌జిగ్ సంగతి చదివినప్పుడు నాకు ఆ మాటయే వినబడెను. అక్కడను ప్రార్థించిరి, ఇక్కడను ప్రార్థించితిమి. వారు ఆమేన్ తరువాత తలుపు తెరచిరి. నేను గడియ వేసితిని. నేను ఆ రాత్రి భయపడినది సంఘము చీలునని కాదు, ఒక వర్గమువారి దృష్టిలో నా మంచిపేరు పోవునని. ఇరువది సంవత్సరములకు గాని ఈ మాటను నేను నాతో చెప్పుకొనలేకపోయితిని. మంచిపేరు దాచుకొనుటకు ఇయ్యబడినది కాదు. మజూర్ 19 సంవత్సరములు ఆ ఊరిలో కూడబెట్టిన పేరును ఒక్క మధ్యాహ్నమున ఖర్చు పెట్టెను. అది పోలేదు సరికదా, దేశమునకు అధ్యక్షునిగా ఉండవలసినదని కూడ కొందరు ఆయన పేరు చెప్పిరి. ఆయన ఆ పదవి కోరలేదు. తన పనికే తిరిగిపోయెను. అవసరమున్నప్పుడు ముందునకు వచ్చుట, అవసరము తీరిన తరువాత తన పీటకు తిరిగిపోవుట, ఈ రెండును తెలిసినవారు బహు కొద్దిమంది.

ఆయన 1991 నుండి 2002 వరకు న్యూయార్కు వాద్యబృందమునకు కూడ నాయకుడుగా ఉండెను. 2001 సెప్టెంబరు 11న ఆ పట్టణములో రెండు గొప్ప మేడలు కూల్చబడి వేలాదిమంది చనిపోయిరి. తొమ్మిది దినముల తరువాత, సెప్టెంబరు 20న, మజూర్ ఆ దుఃఖితుల యెదుట బ్రామ్స్ వ్రాసిన జర్మను మృతుల గానమును వాయింపించెను. బ్రామ్స్ దాని మాటలను లూథరు తర్జుమా చేసిన బైబిలు నుండి తానే ఏరుకొనెను. అది బ్రదికియున్న దుఃఖితులను ఓదార్చుటతో మొదలగును. ఆ గానము ఏడు భాగములతో సంపూర్ణముగా మొదట వినబడినది 1869లో, లైప్‌జిగ్‌లోని గెవాంట్‌హౌస్‌లోనే. తన ఇంటి అటుకమీది మందును పొరుగువాని గాయమునకు తెచ్చినట్లు ఆయన ఆ గానమును తెచ్చెను.

చివరి కాలమున వణుకు వ్యాధి తనకు కలదని 2012లో ఆయన తెలియజేసెను. 2015 డిసెంబరు 19న, 88వ యేట మరణించెను. చిటికెనవ్రేలితో ఆశ పోగొట్టుకొన్న చేతులు, కడపట వణకిన చేతులు. మధ్యలో ఎన్నడును కర్ర కోరని చేతులు.

మా మాస్టారు పోయిన సంవత్సరము ప్రభువునందు నిద్రించిరి. కబురు తెలిసి నేను రాత్రి బస్సు పట్టుకొని పోయితిని. శవపేటిక ఆ త్రోవనే పోయెను. కంచె ఉండిన చోటికి వచ్చునప్పటికి పొలముల వారి నుండి నలుగురు మధ్యవయస్కులు ఎదురుగా వచ్చి, "మాకూ పంతులేనండి" అని పేటికకు భుజము పట్టిరి. వారిలో ఆ రాత్రి కర్ర పట్టినవారు ఉండిరేమో నేను అడుగలేదు. నేను ముందు నడిచితిని. క్వయరు పిల్లలు పాడుచుండిరి. తాళము చూపువారెవరును లేకపోయినను పాట తప్పలేదు.

"మరి జీతం ఎందుకండీ?" అని అడిగిన ఆ చిన్నవానికి వచ్చే అభ్యాసములో ఈ కథ చెప్పవలెనని ఉన్నాను. మీ ఊరిలోను ఏదో ఒక కంచె ఉండవచ్చును. నీళ్ల కుళాయి యొద్దనో, అన్నదమ్ముల గట్టు యొద్దనో, గుడి లెక్కల పుస్తకములోనో. అది నేడు కొద్ది ముండ్లే. మీలో పంతులైనను, పెద్దయైనను, స్త్రీల సమాజపు అధ్యక్షురాలైనను, మీ మాట ఇరువైపులవారు విందురని తెలిసినచో, దానిని దేవుడు మీకిచ్చిన తలాంతుగా ఎంచుడి. దానిని గుంటలో పాతిపెట్టిన దాసుని గతి ప్రభువు మనకు చెప్పియున్నాడు. మోకరించి ప్రార్థింపుడి. ఆమేన్ చెప్పిన తరువాత లేచి తలుపు తీయుడి.

ఆ కృప ప్రభువు మొదట నాకును, తరువాత మీకును దయచేయును గాక. ఆమేన్.